రాళ్ళాయన పచ్చరాయి

ఐర్లండ్‌లో కాపురముంటూ పచ్చరంగుని మెచ్చుకుంటే ఎవరైనా నవ్వుతారు. ఇక్కడ కంచె పచ్చ, గోడ పచ్చ, వాన వదలని నెలల్లో కాలిబాట సిమెంటు కూడా పచ్చ. పైగా నా మెట్టినిల్లు కోనసీమ. పచ్చదనం చూసి అబ్బా అనడం ఎప్పుడో మానేశాను. అలాంటిదాన్ని ఒకరోజు పెరటి గోడ మీద, కోడిగుడ్ల అట్టపెట్టెలో ఉన్న గుప్పెడంత రాయిని చూసి నోరు తెరుచుకుని నిలబడిపోయాను. ఆ రాయి గురించే చెప్తాను. దాన్ని మా ఇంట్లో ఏం చేశామో కూడా చెప్పక తప్పదు.

అది కరోనా వచ్చిన మొదటి వసంతం. మేం కార్క్ ఊరి అంచున ఒక హౌసింగ్ ఎస్టేట్‌లో ఉంటాం. నేను రింగాస్కిడీలో ఒక మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పనిచేస్తాను. ఊరంతా తలుపులు మూసుకున్నా మందులు ఆగకూడదు కాబట్టి మాకు సెలవు లేదు. కారులో కంపెనీ ఉత్తరం పెట్టుకుని వెళ్ళేదాన్ని. దారిలో గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, ఆపి, ఉత్తరం చూసి, "గ్రాండ్, వెళ్ళిరండి" అనేవాళ్ళు. మా ఆయనది సాఫ్ట్‌వేరు. మేడమీద చిన్న గదిలో హెడ్‌సెట్ తగిలించుకుని కూర్చుంటే అన్నానికి కూడా ఫోన్ చేసి పిలవాల్సిందే. పదేళ్ళ మా పాపకి స్కూలు మూసేశారు. పొద్దున రెండు గంటలు లాప్‌టాప్‌లో క్లాసు, ఆపైన రోజంతా ఖాళీ. ఇక మా అత్తయ్య. మూడు నెలలుండి వెళ్దామని జనవరిలో వచ్చిన మనిషి, విమానాలు ఆగిపోయి మా దగ్గర చిక్కుకుపోయింది.

చిక్కుకుపోయింది అన్నానే గానీ, అసలు చిక్కుకున్నది మేము. బయటినుంచి ఏది వచ్చినా ఆవిడ చేతులు దాటి లోపలికి రావాలి. పాల డబ్బాలకి సబ్బు, అరటిపళ్ళకి పసుపు నీళ్ళు, పోస్టులో వచ్చిన కవర్లకి ఎండ. కార్క్‌లో ఎండ! స్కూలు పంపిన ఉత్తరం ఒకటి నాలుగు రోజులు కిటికీలో ఎండకోసం ఎదురుచూసింది. వీటన్నిటినీ మించినది శుక్రవారం తోముడు. ఊరినుంచి బట్టల మధ్య చుట్టుకుని ఒక రాగి చెంబు తెచ్చుకుందావిడ. పులుసు పిండగా మిగిలిన చింతపండు పిప్పి పారెయ్యనివ్వదు. శుక్రవారం పొద్దున్నే ఆ పిప్పితో చెంబుని, దీపపు కుందుల్ని తోమి కిటికీలో బోర్లిస్తే, బయట మబ్బు పట్టి ఉన్నా వంటింట్లో వెలుగొచ్చేది. "రాగికీ ఇత్తడికీ చింతపండు, వెండికి విభూది. దీనికి మించిన కెమిస్ట్రీ మీ ల్యాబ్‌లో ఏముందే?" అని నన్ను ఎత్తిపొడిచేది. నేను ఊరుకునేదాన్ని కాదు. మాటకి మాట అంటించి, ఆవిడ మూతి ముడిస్తే, నా నోరు మంచిది కాదని మా అమ్మ ముందే చెప్పి పంపింది కదా, మళ్ళీ నన్ననడమెందుకు అనేదాన్ని.

పక్కింట్లో ఒక ఐరిష్ పెద్దాయన ఒక్కడే ఉంటాడు. డెబ్భై దాటినవాళ్ళు గడప దాటొద్దని అప్పట్లో గవర్నమెంటు చెప్పింది. శనివారం శనివారం ఆయన సరుకులు నేనే తెచ్చి గుమ్మంలో పెట్టేదాన్ని. ఆయన వయసులో ఉండగా ఆఫ్రికా రాగి గనుల్లో జియాలజిస్టుగా పనిచేశాడు. భార్య పోయి చాలా ఏళ్ళయింది. ఒకరోజు మా పాప ఊసుపోక మా వాకిట్లో కంకర రాళ్ళని రంగుల వారీగా వరసలు పెడుతుంటే కిటికీలోంచి చూశాడట. మర్నాడు మా రెండిళ్ళ మధ్య పెరటి గోడ మీద ఒక కోడిగుడ్ల అట్టపెట్టె కనిపించింది. ఆరు గుంటల్లో ఆరు రాళ్ళు, పైన ఒక కాగితం. ప్రతి రాయికీ బొమ్మ గియ్యి, తేడాలు రాయి, నాకు చూపించు అని ఉందందులో.

అలా మొదలైంది వాళ్ళిద్దరి బడి. ఆయన గోడకి అటు రెండు మీటర్ల దూరాన కుర్చీలో, మా పిల్ల ఇటు తిరగేసిన బకెట్ మీద. పాప ఆయన్ని పేరు పెట్టి పిలుస్తుంటే అత్తయ్య బుగ్గలు నొక్కుకుంది. "తాతంత మనిషిని పేరు పెట్టి పిలుస్తావా, సిగ్గులేదూ!" అని, తను మాత్రం ఆయనకి రాళ్ళాయన అని పేరు పెట్టేసింది. ఆ పేరే మా ఇంట్లో స్థిరపడింది. వచ్చిన ప్రతి రాయినీ సబ్బు నీళ్ళతో కడిగాకే లోపలికి రానిచ్చేది. గులకరాళ్ళు, చెకుముకి రాళ్ళు సబ్బుకి ఏమంటాయి? ఏమీ అనలేదు. రాళ్ళాయన గోడ అవతలనుంచి చూసి నవ్వుకునేవాడు.

మే నెల వచ్చేసరికి పాప బొమ్మల పుస్తకం సగం నిండింది. ఒక బుధవారం సాయంత్రం నేను పనినుంచి వచ్చి పెరట్లోకి వెళ్ళేసరికి రాళ్ళాయన రెండు చేతులతో ఒక పెట్టె పట్టుకుని నిలబడి ఉన్నాడు. గోడ మీద పెట్టి, వెనక్కి నడిచి, "ఇప్పుడు మూత తియ్యి" అన్నాడు పాపతో.

మసక తెలుపు రాయి. చెక్కకి పట్టిన సున్నంలా కరుకుగా ఉంది. దాన్ని చీల్చుకుని పైకొచ్చిన పచ్చటి స్ఫటికాలు, పెద్దది పాప చిటికెన వేలి గోరంత. ఏం పచ్చ అది! ఆకు పచ్చ కాదు, సముద్రపు పచ్చ కాదు. మా పెళ్ళిలో ఎవరో పెద్దావిడ పెట్టుకొచ్చిన పచ్చల నెక్లెసు గుర్తొచ్చింది గానీ, దీని ముందు అది వెలిసిపోయిన లంగాగుడ్డ. వంచి చూస్తే లోపలికి లోపలికి పోతూనే ఉంది రంగు. పని బట్టలతో, మాస్కు గడ్డం కిందకి లాక్కుని, నేను ఆ గోడ దగ్గర ఎంతసేపున్నానో నాకే తెలియదు.

"దీని పేరు డయోప్టేజ్," అన్నాడు రాళ్ళాయన. "లోపలికి కనబడేది అని అర్థం. పచ్చ అనుకుంటున్నారు కదూ? మీరొక్కరే కాదు. పూర్వం కజక్ మైదానాల్లో ఇది దొరికితే మరకతమే అనుకుని రష్యా రాజుగారి కొలువు దాకా మోసుకుపోయారు. పచ్చకి రంగు వేరేచోటి నుంచి వస్తుంది. దీనికి రాగి వల్ల వచ్చింది. రాగి, ఇసకలో ఉండే సిలికా, కొంచెం నీళ్ళు, అంతే."

మరి ఇది నగల్లో ఎందుకు కనపడదని అడిగాను. మెత్తనిదట. మరకతం గాజుని గీస్తుంది, దీన్ని చాకుతో గీయొచ్చట. పైగా దీని లోపల సహజంగానే చీలే దారులుంటాయట, సానపట్టేవాడి చెయ్యి కాస్త బరువు పడితే ఆ దారినే విడిపోతుందట. అందుకే ఉంగరాల్లో పెట్టరు, దాచుకుని చూసుకుంటారు. మొదటి నెలలో ఆయన పాపకిచ్చిన చారల మలకైట్ కూడా రాగి పచ్చే. కానీ రాగి ఉన్నచోట నాలుగు వానలు పడితే మలకైట్ పుడుతుంది. వెస్ట్ కార్క్‌లో మూతపడ్డ పాత గనుల రాళ్ళ మీద కూడా దాని మరక కనపడుతుంది. డయోప్టేజ్ అలా కాదు. ఎడారి కావాలి, రాగి గని కావాలి, దానికి సిలికా సరిగ్గా తగలాలి, ఎవరూ కదపకుండా యుగాలు గడవాలి. భూమ్మీద అలాంటి చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇది నమీబియాది.

"మా ఆవిడ తెచ్చింది," అన్నాడు. గని పనివాడి దగ్గర కొని, తిరిగొచ్చేటప్పుడు చంటిపిల్లల ఊలు టోపీలో చుట్టి, విమానంలో దారిపొడుగునా ఒళ్ళో పెట్టుకుని తెచ్చిందట. "ఆ తెల్లటిది కాల్సైట్. దాని కింద ఇంకా స్ఫటికాలున్నాయని మా ఆవిడ పట్టు. వెనిగర్‌లో పెడితే తెలుపు కరిగిపోతుంది, చూద్దాం అనేది. నేను ఒప్పుకోలేదు. ఆమ్లానికి ఎక్కడ ఆగాలో తెలీదు. తెలుపుని తిన్నాక పచ్చని కూడా కొరుకుతుంది. నలభై ఏళ్ళు పోట్లాడుకున్నాం దీని గురించి." చెప్తూ నవ్వాడు. "పాప శనివారం దాకా ఉంచుకోవచ్చు. మంచి బొమ్మ వెయ్యాలంటే పగటి వెలుగులో మూడు రోజులు చూడాలి."

నాకు భయమేసింది. మాకొద్దండీ అనబోయాను. కానీ పాప మొహం చూశాక సరేనన్నాను. ఇంతటి వస్తువుని పదేళ్ళ పిల్ల చేతిలో పెట్టే మనిషి ఎక్కడుంటాడు? ఆ క్షణంలో ఆ రాయి కంటే ఆయనే నాకు గొప్పగా కనిపించాడు.

వంటింటి గుమ్మంలోంచి అత్తయ్య, "ఏంటంటున్నాడే అంతసేపూ?" అని అడిగింది.

పొద్దున ఆరింటినుంచి నిలబడి పనిచేసి వచ్చాను. కాళ్ళు లాగేస్తున్నాయి. "ఇది పచ్చ కాదంట అత్తయ్యా. రాగి వల్ల ఆ రంగంట. జారితే పగులుతుంది, జాగ్రత్త," అన్నాను. ఆయన చెప్పిన పావుగంట మాటల్లోంచి ఈ మూడు ముక్కలే తెలుగులోకి తెచ్చాను. వెనిగర్ గొడవ, ఆయన భార్య ఊలు టోపీ, ఆమ్లం సంగతి, ఏదీ చెప్పలేదు. అత్తయ్యకెందుకులే అనుకున్నాను. ఇప్పటికీ తల్చుకుంటే నన్ను నేనే తిట్టుకుంటాను.

గురువారం పాప కిటికీ దగ్గర కూర్చుని కదల్లేదు. శుక్రవారం నేను తెల్లారగట్టే డ్యూటీకి పోయి నాలుగింటికి వచ్చాను. పాప పైన తన గదిలో, నిన్న చూసి గీసుకున్న బొమ్మకి రంగులు వేస్తోంది. వంటింట్లో రాగి చెంబు తళతళలాడుతూ కిటికీలో ఉంది. పక్కన స్టీలు గిన్నె, గిన్నెలో గోధుమరంగు చింతపండు రసం, అందులో ఏదో మునిగి ఉంది.

బ్యాగ్ కింద పడేసి గిన్నె దగ్గరకి పరిగెత్తాను.

"ఆ బెరడు ఎంతకీ వదల్లేదే," అంది అత్తయ్య, సంతోషంగా. "పొద్దున్నుంచీ రెండుసార్లు రసం మార్చాను. పాత బ్రష్షుతో రుద్దితే ఇప్పుడిప్పుడే వస్తోంది. రాగి అన్నావుగా మరి! అరువు తెచ్చిన గిన్నె తోమకుండా తిరిగిస్తామా ఎవరికైనా? రాళ్ళాయన ఒంటరి మగాడు, పాపం ఎన్నేళ్ళయిందో దాన్ని శుభ్రం చేసి!"

గిన్నెలో చెయ్యి పెట్టి రాయి పైకి తీశాను. అడుగున తెల్లటి మడ్డి. కాల్సైటు చాలావరకు కరిగిపోయింది. అన్నిటికంటే పెద్ద స్ఫటికం ఊడి గిన్నెలో ఉంది, రెండు ముక్కలై. కడిగి వెలుగులో పెట్టాను. నిన్నటిదాకా అద్దంలా ఉన్న స్ఫటికం మొహం పొగ పట్టినట్టు మసకబారింది.

తర్వాత నేనన్న మాటలు ఇక్కడ రాయను. అత్తగారిని ఏ కోడలూ అనకూడని మాటలు. మా ఆయన హెడ్‌సెట్‌తో సహా కిందకి పరిగెత్తుకొచ్చాడు. అత్తయ్య ఎదురు చెప్తే బాగుండుననిపించింది. కుర్చీలో కూర్చుని, చింతపండు మరకల చేతులు ఒళ్ళో పెట్టుకుని, "అయ్యో, ఎంత పని చేశానే," అంది, అంతే.

అప్పుడు వచ్చింది నాకొక నీచపు ఆలోచన. గొడవ విని కిందకి దిగొచ్చి బిక్కమొహం పెట్టుకుని నిలబడ్డ పాప ముందే అల్మరా తలుపు తీసి జిగురు ట్యూబు వెతికాను. ముక్కలు అతికించి, మసక వైపు కిందకి తిప్పి పెట్టెలో పెట్టేస్తే? ఆయన చూపు కూడా అంతంత మాత్రమే కదా అని పైకే అనేశాను. "మామ్, దట్స్ ఎ లై, లైక్," అంది పాప తన కార్క్ యాసలో. నోర్ముయ్యి అన్నాను దాన్ని.

నేనెవర్ని? మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్ళకి మొదటి పాఠం చెప్పేదాన్ని. చెయ్యి జారి ఒక చుక్క ఒలికినా ఆ పూటే రాసిపెట్టాలి, జరిగింది జరిగినట్టు రాయాలి, దాచిన తప్పు మందులో కలిసి ఎవరి ఒంట్లోకో పోతుంది అని వేలు చూపించి చెప్తాను. ఆ వేలితోనే ఇప్పుడు జిగురు మూత తిప్పుతున్నాను.

అత్తయ్య లేచి వచ్చి ట్యూబు నా చేతిలోంచి తీసుకుంది. "తప్పు నాది. నేనే చెప్తాను," అంది.

"మీకు ఇంగ్లీషెక్కడొచ్చు?"

"నీకొచ్చుగా. నేను చెప్తా, నువ్వు చెప్పు. మధ్యలో నీ సొంతం ఏమీ కలపకు, తీసెయ్యకు."

ఆ రాత్రి ఆవిడని కూర్చోబెట్టి బుధవారం చెప్పని మాటలన్నీ చెప్పాను. ఊలు టోపీ దగ్గర ఆవిడ కళ్ళు మూసుకుంది. వెనిగర్ దగ్గర, "ఈ ముక్క ముందు చెప్పుంటే దాన్ని ముట్టుకునేదాన్నా?" అంది. తిట్టినట్టు కాదు, మామూలుగానే అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. క్షమించండి అత్తయ్యా అన్నాను. పెళ్ళయిన పన్నెండేళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు.

శనివారం పొద్దున ఆవిడ తలస్నానం చేసి, జరీ అంచు చీర కట్టి, పైన మా ఆయన స్వెటర్ తొడుక్కుని, సాక్సు మీద నా వాన బూట్లు వేసుకుంది. స్టీలు పళ్ళెంలో దూది పరిచి రాయిని, ఊడిన రెండు ముక్కల్ని విడివిడిగా పెట్టింది. పళ్ళెం గోడ మీద పెట్టి, వెనక్కి జరిగి, చేతులు జోడించింది. రాళ్ళాయన ఒక్క చూపు చూశాడు. ఆయన మొహం పాలిపోవడం నేను చూశాను.

"ఇది నేను చేశాను," అంది అత్తయ్య తెలుగులో, నేను ఇంగ్లీషులో. "నా కోడలు కాదు, పిల్ల కాదు. మా ఇళ్ళల్లో రాగిని చింతపండుతో తోముతాం. రాగి అని విన్నాను, తోమాను. తీసుకున్నది శుభ్రంగా ఇవ్వాలనుకున్నాను. మీ ఆవిడ ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన వస్తువని నాకు తెలీదు. తెలీకపోయినా తప్పు తప్పే." ఒక్క ముక్క కూడా నేను మెత్తబరచలేదు. ఇంత ధైర్యంగా ఎవరైనా తప్పొప్పుకోవడం నా ఉద్యోగంలో కూడా చూడలేదు. ఆవిడ మీద నాకు గౌరవం లేదని కాదు గానీ, ఆ రోజు గర్వం కలిగింది.

రాళ్ళాయన గోడ దగ్గరకొచ్చాడు. ముందు ఊడిన ముక్కల్ని తీసి వెలుగులో తిప్పాడు. "దీని మెరుపు ఇక రాదు. ఇది పోయినట్టే," అన్నాడు. ఫరవాలేదు అనలేదు. ఐరిష్‌వాళ్ళు కాలు విరిగినా గ్రాండ్ అంటారు కదా, ఆ మాటా రాలేదాయన నోట. తర్వాత రాయిని ఎత్తి, తెలుపు కరిగిపోయిన వైపు తిప్పాడు. జేబులోంచి భూతద్దం తీశాడు. చాలాసేపు కంటికి ఆనించుకునే ఉన్నాడు. 

"ఉన్నాయి," అన్నాడు చివరికి.

నిన్న కంగారులో మేమెవరం అటు చూడలేదు. తెలుపు కరిగిన గుంటలో ఆవగింజలంత స్ఫటికాలు బారులు తీరి ఉన్నాయి. చిన్నవి కాబట్టి రంగు చిక్కబడి నల్లబారలేదు, వెలుగు వాటిలోంచి దూరిపోతోంది. పెద్ద స్ఫటికం కంటే కూడా అవే పచ్చగా ఉన్నాయి. కాల్సైటు కింద దాగి, చింతపండు రసం వాటిదాకా అప్పుడప్పుడే చేరింది కాబోలు, మొహాలు ఇంకా అద్దాల్లాగే ఉన్నాయి.

"మా ఆవిడ చెప్పిన చోటే ఉన్నాయి," అన్నాడు. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఏమంటున్నాడే?" అంది అత్తయ్య. ఈసారి అంతా చెప్పాను. ఆవిడ పళ్ళెం వంక చూసి, ఆయన వంక చూసి, తలూపింది. "ఆ మాటేదో ఆవిడ ఉన్నప్పుడే వినుంటే, ఇద్దరూ కూర్చుని చూసుకునేవాళ్ళు కదా," అంది.

"వాట్ డిడ్ షీ సే?" అన్నాడు రాళ్ళాయన. సారీ చెప్తోందండీ అనడం ఎంతసేపు? కానీ అత్తయ్య నన్నే చూస్తోంది. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

ఆయన భూతద్దం దించాడు. "ఆఖరి రోజుల్లో కూడా ఇదే గొడవ," అన్నాడు. "నేను పోయాకే చూస్తావు నువ్వు, అనేది."

అది కూడా ఉన్నది ఉన్నట్టే అత్తయ్యకి చెప్పాను. ఆవిడ స్వెటర్ కిందనుంచి కొంగు లాక్కుని కళ్ళు తుడుచుకుంది.

"అయితే ఏడుస్తూ నిలబడతాడేంటే," అంది. "చూడమను."